పాత ఫోన్‌లో సొంత సర్వర్: స్టార్ట్ చేయడం సులువే, నిలబెట్టడమే అసలు పరీక్ష

కొత్త ఫోన్ కొన్నాక పాతది ఏమవుతుంది? కొన్నాళ్లు తమ్ముడి చేతిలో గేమ్స్‌కి, ఆ తర్వాత బీరువాలో చార్జర్ల పక్కన. ఎక్స్ఛేంజ్‌లో పెడదామంటే స్క్రీన్ మీద గీత ఉందని రేటు తగ్గించేస్తారు. కానీ ఒక్కసారి స్పెక్స్ చూడండి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, వైఫై, కరెంటు పోయినా ఆగకుండా నడిపించే బ్యాటరీ. నెట్‌వర్క్‌లో ఉండి అడిగినదానికి జవాబు చెప్పే కంప్యూటర్‌నే సర్వర్ అంటాం కాబట్టి, ఇది సర్వర్‌కి సరిపోయే సరుకే.

ఈ ఆర్టికల్‌లో అలాంటి ఫోన్ మీద ఒక బ్యాకెండ్ ఏపీఐని, దాని వెనక ఒక డేటాబేస్‌ని నడపడం ఎలాగో చెబుతాను. యూట్యూబ్‌లో ఇలాంటివి బోలెడు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, కానీ చాలావరకు బ్రౌజర్‌లో "హలో వరల్డ్" కనిపించగానే అయిపోతాయి. నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది. రాత్రి రెండింటికి ప్రాసెస్ చచ్చిపోతే ఏంటి? నెట్ సగంలో తెగితే ఒకే ఎంట్రీ రెండుసార్లు పడితే ఏంటి? ఫోన్ కింద పడి పగిలితే డేటా ఎక్కడుంది? వీటికి జవాబులుంటేనే అది బ్యాకెండ్.

క్లౌడ్ ఉండగా ఫోన్ ఎందుకు?

ఉచిత హోస్టింగ్ మీద ఆధారపడితే రూల్స్ ఎప్పుడైనా మారొచ్చు. ఒకప్పుడు స్టూడెంట్లందరికీ అడ్డా అయిన హెరోకు 2022 నవంబర్ 28 నుంచి ఫ్రీ ప్లాన్లు ఎత్తేసింది. రెండర్ లాంటి వాటిలో ఫ్రీ సర్వీసు 15 నిమిషాలు ఎవరూ వాడకపోతే నిద్రపోతుంది, మళ్లీ లేచేదాకా మొదటి రిక్వెస్ట్ పంపినవాళ్లు ఎదురుచూడాలి. ఫోన్‌లో అయితే ఆ గడువులేవీ ఉండవు.

ఇంకో ఆప్షన్ రాస్ప్‌బెర్రీ పై. 2019లో వచ్చిన పై 4లో 1.5 గిగాహెర్ట్జ్ కార్టెక్స్ ఏ72 కోర్లు నాలుగు ఉంటాయి. నేను వాడుతున్నది అదే ఏడాది వచ్చిన స్నాప్‌డ్రాగన్ 675 మిడ్‌రేంజ్ ఫోన్. అందులో పెద్ద కోర్లు రెండు, అవి ఏ72 కన్నా కొత్త తరమైన ఏ76 డిజైన్ మీద కట్టినవి, వాటికి తోడు చిన్న కోర్లు ఆరు. పైగా పై బోర్డుకి బ్యాటరీ, మెమరీ కార్డు, కేసు వేరే కొనాలి. ఫోన్‌లో అన్నీ ఉన్నాయి.

కరెంటు బిల్లు భయం అక్కర్లేదు. సగటున 5 వాట్లు లాగిందనుకున్నా, రోజంతా నడిపితే 30 రోజులకు 3.6 యూనిట్లు, అంతే.

ముందు ఫోన్‌ని ఖాళీ చేయండి

మొదటి పని ఫ్యాక్టరీ రీసెట్. ఇందులో పర్సనల్ గూగుల్ అకౌంట్, బ్యాంకింగ్ యాప్స్, ఫ్యామిలీ ఫోటోలు ఏవీ ఉండకూడదు. పాత ఫోన్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఉంటాయి కాబట్టి ఇది తప్పనిసరి. సిమ్ కూడా తీసేయండి.

తర్వాత టెర్మక్స్. ఆండ్రాయిడ్ 7, ఆపై వెర్షన్లలో రూట్ చేయకుండానే లినక్స్ టెర్మినల్ ఇచ్చే యాప్ ఇది. దీన్ని ఎఫ్‌-డ్రాయిడ్ నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ తీసుకోండి. దీనికి తోడుగా టెర్మక్స్ బూట్, టెర్మక్స్ ఏపీఐ అనే రెండు చిన్న యాప్స్ కూడా కావాలి. మూడింటినీ ఒకే చోటు నుంచి తీసుకోవాలి. ఒకటి ఒకచోట, ఇంకోటి మరోచోట తీసుకుంటే సిగ్నేచర్ తేడా వల్ల అవి కలిసి పనిచేయవు.

చిన్న స్క్రీన్ మీద కోడ్ కొట్టడం నరకం. అందుకే టెర్మక్స్‌లో ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ వేసి, ల్యాప్‌టాప్ నుంచి కనెక్ట్ అవ్వండి. పోర్ట్ నంబర్ మామూలుగా ఉండే 22 కాదు, 8022. రూట్ లేకుండా 1024 కన్నా చిన్న పోర్టులు వాడనివ్వకపోవడమే కారణం. అలాగే రౌటర్ సెట్టింగ్స్‌లో ఈ ఫోన్‌కి ఒక ఐపీ అడ్రస్ రిజర్వ్ చేయండి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైలో మారుపేరు మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి, కాబట్టి ఆ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఫోన్ అసలు మ్యాక్‌ని ఎంచుకుంటే రిజర్వేషన్ చెడిపోదు.

ఏం కడుతున్నాం?

అమీర్‌పేట హాస్టల్ అయినా, బెంగళూరు పీజీ అయినా నలుగురు కలిసి ఉంటే ఒక తలనొప్పి కామన్: ఎవరు ఎంత పెట్టారు? గ్యాస్, పాలు, వైఫై బిల్లు, ఆదివారం చికెన్. ఈ లెక్కలు రాసుకునే ఏపీఐ కడదాం. డబ్బు లెక్క కాబట్టి తప్పు జరిగితే వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్ట్ ఉండదు.

టూల్స్ విషయానికొస్తే నా ఓటు పైథాన్, ఫ్లాస్క్, ఎస్‌క్యూలైట్‌కి. ఫాస్ట్ఏపీఐ ఎందుకు కాదంటే, అది ఆధారపడే పైడాంటిక్ రెండో వెర్షన్ కోర్ రస్ట్ భాషలో ఉంటుంది. టెర్మక్స్‌లో దాన్ని చాలాసార్లు ఫోన్‌లోనే కంపైల్ చేయాల్సి వస్తుంది. ఫ్లాస్క్‌కి ఆ గోల లేదు. అయితే ఫ్లాస్క్‌తో వచ్చే డెవలప్‌మెంట్ సర్వర్‌ని అలాగే వదిలేయకండి, అది టెస్టింగ్ కోసం మాత్రమే. దాని బదులు వెయిట్రెస్ వేయండి. పూర్తిగా పైథాన్‌లోనే రాసినది కాబట్టి ఇన్‌స్టాల్ చిటికెలో అవుతుంది, డిఫాల్ట్‌గా 8080 పోర్ట్ మీద 4 థ్రెడ్లతో నడుస్తుంది.

ఎస్‌క్యూలైట్ అంటే కొందరికి చిన్నచూపు, "అది టాయ్ డేటాబేస్ బ్రో" అంటారు. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ డేటాబేస్ ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. మీ వాట్సాప్ మెసేజ్‌లు దాచేది ఇందులోనే. రోజుకి లక్ష హిట్ల లోపు ఉన్న వెబ్‌సైట్‌కి తమ డేటాబేస్ బాగానే సరిపోతుందని ఎస్‌క్యూలైట్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంటుంది. నలుగురు రూమ్మేట్లు రోజుకి లక్ష సార్లు చికెన్ కొనరు కదా!

టేబుల్ కట్టేటప్పుడే నాలుగు జాగ్రత్తలు

ఒకటి, డబ్బుని దశాంశాల్లో దాచొద్దు. కంప్యూటర్ ఫ్లోట్ లెక్కలో 0.1, 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. అందుకే 149 రూపాయల 50 పైసలని 14950 పైసలుగా, పూర్ణసంఖ్యగా దాచండి. చూపించేటప్పుడు వందతో భాగిస్తే సరి.

రెండు, టేబుల్‌ని స్ట్రిక్ట్ మోడ్‌లో క్రియేట్ చేయండి. మామూలుగా ఎస్‌క్యూలైట్ చాలా ఉదారంగా ఉంటుంది, నంబర్ కాలమ్‌లో "రెండొందలు" అని అక్షరాల్లో పంపినా ఊరుకుని దాచుకుంటుంది. 2021లో వచ్చిన స్ట్రిక్ట్ ఆప్షన్ పెడితే ఒప్పుకోదు. దాంతోపాటు మొత్తం సున్నా కన్నా ఎక్కువ ఉండాలని చెక్ కండిషన్ పెట్టండి.

మూడు, టైమ్‌ని యూటీసీలో దాచి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి. ఈ కలపడం మర్చిపోతే తెల్లవారుజామున రెండింటికి ఆర్డర్ చేసిన బిర్యానీ ముందురోజు ఖాతాలో కనిపిస్తుంది. నెల మొదటి తేదీ అయితే ఏకంగా పోయిన నెలలోకి వెళ్లిపోతుంది.

నాలుగు, ప్రతి ఖర్చుకీ యాప్ వైపు నుంచే ఒక యూనిక్ ఐడీ రావాలి. ఆ కాలమ్‌కి యూనిక్ కండిషన్ ఉండాలి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

డేటాబేస్ సెట్టింగ్స్‌లో ముఖ్యమైనది వాల్ మోడ్. రాత ముందు వేరే లాగ్ ఫైల్‌లోకి వెళ్తుంది కాబట్టి ఒకరు రాస్తుండగా మిగతావాళ్లు ఆగకుండా చదువుకోవచ్చు. రాసేది మాత్రం ఒక్కసారికి ఒక్కరే. రెండోవాళ్లు వెంటనే ఎర్రర్ తినకుండా కాసేపు ఆగేలా బిజీ టైమ్‌అవుట్ పెట్టాలి. వాల్ మోడ్ ఒక్కసారి పెడితే ఫైల్‌కి గుర్తుంటుంది. ఫారిన్ కీ చెకింగ్ మాత్రం అలా కాదు. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండే దాన్ని ప్రతి కనెక్షన్‌లోనూ ఆన్ చేయాల్సిందే. ఇంకొక్క మాట: డేటాబేస్ ఫైల్‌ని టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంచండి, గ్యాలరీ ఉండే షేర్డ్ స్టోరేజ్‌లో వద్దు.

ఎండ్‌పాయింట్లు, తాళం

మొదలుపెట్టడానికి మూడు చాలు. ఖర్చు చేర్చడానికి పోస్ట్, జాబితా చూడటానికి గెట్, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే ఇంకో గెట్. జవాబు కోడ్లు నిజాయితీగా ఉండాలి. కొత్త ఎంట్రీ పడితే 201, పంపిన డేటా తప్పయితే 400, టోకెన్ లేకపోతే 401. అన్నింటికీ 200 పంపి లోపల "ఎర్రర్" అని రాస్తే యాప్ రాసేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. సోలో ప్రాజెక్ట్ అయితే తిట్టుకునేది మీరే.

ప్రతి రూమ్మేట్‌కి ఒక్కో రాండమ్ టోకెన్ ఇవ్వండి. యూజర్ పంపిన పదాన్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకండి, ప్రశ్నార్థకం గుర్తు పెట్టి విలువని విడిగా ఇవ్వండి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కి మందు అదే.

యాప్ రాసేవాళ్లకో గమనిక. ఆండ్రాయిడ్ 9 నుంచి యాప్స్ మామూలు హెచ్‌టీటీపీ అడ్రస్‌లకు కనెక్ట్ అవ్వడం డిఫాల్ట్‌గా బ్లాక్ అయి ఉంటుంది. బ్రౌజర్‌లో పనిచేసే లింక్ మీ యాప్‌లో పనిచేయట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఆండ్రాయిడ్ మీ సర్వర్‌ని చంపేస్తుంది

ఇక్కడి నుంచే అసలు రివ్యూ. ఫోన్ ఓఎస్‌కి బ్యాటరీ ముఖ్యం, బ్యాక్‌గ్రౌండ్‌లో ఊరికే కూర్చున్న యాప్ దానికి శత్రువు. అందుకే టెర్మక్స్‌కి బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి. ఆటోస్టార్ట్ పర్మిషన్ ఉంటే ఇవ్వాలి. రీసెంట్స్‌లో యాప్‌ని లాక్ చేయాలి. నోటిఫికేషన్‌లో కనిపించే వేక్ లాక్ ఆన్ చేస్తే స్క్రీన్ ఆగినా సీపీయూ నిద్రపోదు.

ఆండ్రాయిడ్ 12, ఆపైన అయితే ఇంకో విలన్ ఉన్నాడు. అక్కడ యాప్స్ అన్నీ కలిపి పుట్టించే చైల్డ్ ప్రాసెస్‌లు 32 దాటితే సిస్టమ్ అదనపు వాటిని చంపేస్తుంది. టెర్మక్స్‌లో "సిగ్నల్ 9" అనే మెసేజ్ కనిపిస్తే ఇదే అయ్యుండొచ్చు. ఆండ్రాయిడ్ 14లో డెవలపర్ ఆప్షన్స్‌లోనే ఈ పరిమితి తీసేసే స్విచ్ ఇచ్చారు. మీ పాత ఫోన్ ఆండ్రాయిడ్ 10, 11 దగ్గరే ఆగిపోయిందా? ఈ విషయంలో అదే అదృష్టం.

ఇన్ని చేసినా చావు తప్పదనుకునే ప్లాన్ చేసుకోవాలి. టెర్మక్స్ సర్వీసెస్ ప్యాకేజీ ప్రాసెస్ పడిపోతే మళ్లీ లేపుతుంది. ఫోన్ రీస్టార్ట్ అయితే టెర్మక్స్ బూట్ చూసుకుంటుంది.

మీరే చంపి చూడండి

నాకు ఈ ప్రాజెక్ట్‌లో బాగా నచ్చిన టెస్ట్ ఇది, మీరూ తప్పక చేయండి. ల్యాప్‌టాప్ నుంచి 1 నుంచి 1000 వరకు నంబర్లు వేసిన ఖర్చులని వరుసగా పంపే చిన్న స్క్రిప్ట్ రాయండి. 201 వచ్చిన ప్రతి నంబర్‌నీ అది ఒక ఫైల్‌లో రాసుకోవాలి. సగంలో ఉండగా ఫోన్‌లో సర్వర్ ప్రాసెస్‌ని కిల్ మైనస్ 9తో చంపేయండి. మళ్లీ లేపి, ల్యాప్‌టాప్ ఫైల్‌ని, ఫోన్‌లోని టేబుల్‌ని పక్కపక్కన పెట్టి పోల్చండి.

రూల్ ఒక్కటే: 201 వచ్చిన ప్రతి నంబరూ టేబుల్లో ఉండి తీరాలి. ఒక్కటి లేకపోయినా మీ కోడ్ కమిట్ కాకముందే "అయిపోయింది" అని చెబుతోందన్నమాట. కమిట్ ముందు, జవాబు తర్వాత. ఈ వరుస మారకూడదు.

ఇప్పుడు తమాషా చూడండి. చంపిన క్షణంలో దారిలో ఉన్న నంబర్ ఒకటి ఉంటుంది. దానికి జవాబు రాలేదు. అది టేబుల్లో ఉందా? ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కమిట్ అయ్యాక, జవాబు బయల్దేరేలోపు ప్రాసెస్ పోయి ఉంటే ఎంట్రీ ఉంటుంది, యాప్‌కి మాత్రం తెలియదు. యాప్ ఏం చేస్తుంది? మళ్లీ పంపుతుంది. 900 రూపాయల గ్యాస్ బిల్లు రెండుసార్లు పడుతుంది. నెలాఖరున రూమ్‌లో గొడవ.

ఆ యూనిక్ ఐడీ ఇందుకే. యాప్ మళ్లీ పంపేటప్పుడు అదే ఐడీతో పంపాలి. సర్వర్ ఆ ఐడీ అప్పటికే ఉంటే కొత్తగా రాయకుండా పాత ఎంట్రీనే జవాబుగా ఇవ్వాలి. ఐడీ అదే ఉండి మొత్తం వేరేగా ఉంటే 409 ఇచ్చి ఆపాలి. డబ్బు కట్టేటప్పుడు నెట్ ఆగితే మళ్లీ నొక్కాలా వద్దా అని మనం భయపడతాం కదా, ఆ భయానికి బ్యాకెండ్ వైపు ఉండే జవాబు ఇలాంటిదే.

ప్రాసెస్ చావడం వేరు, ఫోన్ మొత్తం ఆగిపోవడం వేరు. రెండోదానికి డేటా నిజంగా స్టోరేజ్ మీద పడాలి. ఎస్‌క్యూలైట్‌లో సింక్రనస్ సెట్టింగ్ ఫుల్‌లో ఉంటే ప్రతి కమిట్‌కీ ఆ గ్యారంటీ కోసం ఆగుతుంది. స్పీడ్ కోసం నార్మల్‌కి మారిస్తే వాల్ మోడ్‌లో డేటాబేస్ పాడవదు గానీ, ఆఖరి కొన్ని ఎంట్రీలు పోవచ్చు. లెక్కల యాప్‌కి నా సలహా ఫుల్.

ఇంటి బయటి నుంచి వాడాలంటే

చాలా మొబైల్, బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మనకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఎంతోమంది కస్టమర్లు ఒకే ఐపీని పంచుకుంటారు. రౌటర్‌లో అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీదీ అదే కేసు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. పనిచేసినా పాత ఫోన్ పోర్ట్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవమని నేను చెప్పను.

రెండు దారులున్నాయి. నలుగురికే అయితే టెయిల్‌స్కేల్, ప్రైవేట్ నెట్‌వర్క్‌లా పనిచేస్తుంది, బయటివాళ్లకు కనిపించదు. అందరికీ కనిపించాలంటే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్. ఫోనే బయటికి కనెక్షన్ తెరుస్తుంది, హెచ్‌టీటీపీఎస్ కూడా వచ్చేస్తుంది. టన్నెల్ వాడేటప్పుడు వెయిట్రెస్‌ని 127.0.0.1 మీదే వినమనండి, అప్పుడు వైఫైలో ఉన్న పక్కవాళ్లు నేరుగా తగలలేరు.

బ్యాకప్ అంటే ఫైల్ కాపీ కాదు

నడుస్తున్న డేటాబేస్ ఫైల్‌ని అలాగే కాపీ చేస్తే, వాల్ లాగ్‌లో ఉన్న తాజా ఎంట్రీలు రాకపోవచ్చు. సరైన పద్ధతి "వ్యాక్యూమ్ ఇంటూ" కమాండ్. నడుస్తున్న డేటాబేస్ నుంచే శుభ్రమైన కాపీ ఇస్తుంది. రోజూ రాత్రి క్రాన్‌తో తేదీ పేరు మీద ఒక కాపీ తీసి, దాన్ని ల్యాప్‌టాప్‌కి పంపండి. అదే ఫోన్‌లో ఉన్న బ్యాకప్ బ్యాకప్ కిందకి రాదు. టెర్మక్స్ అన్‌ఇన్‌స్టాల్ అయితే లోపలున్నవన్నీ దాంతోపాటే పోతాయి. నెలకోసారి ఆ కాపీని ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఇంటెగ్రిటీ చెక్ నడిపి, ఖర్చుల మొత్తం ఫోన్‌తో సరిపోతుందో లేదో చూడండి.

బ్యాటరీ సంగతి సీరియస్

లిథియం అయాన్ బ్యాటరీకి రెండు పడవు: ఎప్పుడూ 100 శాతంలో ఉండటం, వేడి. సర్వర్ ఫోన్‌కి ఈ రెండూ ఉంటాయి, పైగా మన ఎండాకాలం. ఫోన్‌లో చార్జింగ్ లిమిట్ ఆప్షన్ ఉంటే 80 శాతం దగ్గర ఆపండి. లేకపోతే స్మార్ట్ ప్లగ్ వాడండి. టెర్మక్స్ ఏపీఐ ద్వారా బ్యాటరీ శాతం, టెంపరేచర్ తెలుస్తాయి కాబట్టి, 80 శాతం దగ్గర పడితే ప్లగ్ ఆపేలా, తక్కువైతే పెట్టేలా స్క్రిప్ట్ రాసుకోవచ్చు. బ్యాక్ కేసు తీసేయండి. ఫ్రిజ్ పైన, కిటికీ దగ్గర, పరుపు మీద పెట్టొద్దు.

వెనక ప్యానెల్ ఉబ్బినట్టు కనిపిస్తే అక్కడితో ఆపేయండి. నొక్కడం, గుచ్చడం వద్దు. చార్జర్ తీసి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయండి. ఏ ప్రాజెక్టూ ఇంటికన్నా ఎక్కువ కాదు.

ఫైనల్‌గా: ఎవరికి సూటవుతుంది?

కాలేజ్ ప్రాజెక్ట్, రూమ్ లెక్కలు, ఇంట్లో సెన్సర్ల డేటా, సొంత యాప్‌కి టెస్ట్ బ్యాకెండ్: వీటికి పాత ఫోన్ హాయిగా సరిపోతుంది. కస్టమర్ల డబ్బు, పేషెంట్ల వివరాలు, కాలేజీ మొత్తం అటెండెన్స్ లాంటివైతే వద్దు. ఒకే ఫోన్, ఒకే ఇంటి వైఫై, అప్‌డేట్లు ఆగిన ఓఎస్ మీద ఇంకొకరి జీవితాన్ని పెట్టకూడదు. ఒకేసారి చాలామంది రాసే పరిస్థితి వస్తే పోస్ట్‌గ్రెస్‌కి, సరైన సర్వర్‌కి మారండి.

అలా మారేటప్పుడు ఇక్కడ నేర్చుకున్నదేదీ వృథా కాదు. పైసల్లో దాచడం, కమిట్ అయ్యాకే 201, మళ్లీ పంపినా రెండోసారి పడని ఐడీ, తెరిచి చూసిన బ్యాకప్. పెద్ద క్లౌడ్ మీద కూడా రూల్స్ ఇవే. తేడా ఏంటంటే, అక్కడ ప్రాసెస్ అరుదుగా చస్తుంది కాబట్టి ఈ తప్పులు చాలాకాలం కనబడవు. ఫోన్‌లో మొదటి వారమే బయటపడతాయి. అందుకే మొదటి సర్వర్‌గా దీనికే నా రికమండేషన్.